వేయడం తెలుసు, తీయడం తెలియదు

మొన్న రాత్రి మా అమ్మాయి హనుమకొండ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. చేసింది అంటే, నేను పొద్దుటి నుంచి మూడుసార్లు చేశాక అది ఒక్కసారి చేసింది. తిన్నావా, ఏం కూర పెట్టారు, రగ్గు కప్పుకుంటున్నావా, దగ్గు తగ్గిందా అని నేను వరసగా అడుగుతుంటే మధ్యలో ఆపి, "అమ్మా, ఇగ చోక్ తియ్యి" అంది.

నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక కొంచెం కళ్లు కూడా చెమ్మగిల్లాయి. ఆ మాట మా ఇంట్లో వాళ్లకు తప్ప బయటివాళ్లకు అర్థం కాదు. బండికి ఉండే చోక్ మా ఇంట్లో సామెత ఎలా అయిందో, దాని వెనక ఒక రాత్రి ఉంది. చలికాలం మొదలైంది కదా, మీ ఇళ్లలో కూడా పొద్దున్నే కిక్కుల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను.

మాది బయ్యారం. ఊరి నడుమ కాదు, పెద్ద చెరువు వైపు పోయే దారిలో, రోడ్డు మీది నుంచి కిలోమీటరున్నర లోపలికి మా చేను, చేనులోనే ఇల్లు. మా చెరువు గురించి బీఏలో చదువుకున్నాను. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ తవ్వించిందట. ధర్మకీర్తి సముద్రం అని పేరు. ఆమె వేయించిన శాసనం వల్లనే కాకతీయుల వంశావళి గురించి చాలా సంగతులు తెలిశాయని మా తెలుగు సార్ చెబుతుంటే, మా ఊరి పేరు పుస్తకంలో ఉందని పొంగిపోయాను. చెరువు పక్కన ఉండటం ఎండాకాలంలో హాయి. జనవరిలో మాత్రం తెల్లవారుజామున చెరువు మీది నుంచి వచ్చే చలికి గిన్నెలు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. మనుషులకే అట్లా ఉంటే ఆరుబయట నిలబెట్టిన బండి సంగతి చెప్పాలా?

మా బండి 2009లో కొన్న స్ప్లెండర్. మా ఆయనకు అది బండి కాదు, ఇంకో తమ్ముడు. నాకు నడపడం ఆయనే నేర్పాడు, కోతలయ్యాక ఖాళీ మడిలో. పడ్డాను, లేచాను, నెల రోజుల్లో ఊరిదాకా పోయి కిరాణా తెచ్చేంత వచ్చింది. చీర కట్టుకుని స్ప్లెండర్ నడిపే ఆడమనిషి అని ఊళ్లో కొన్నాళ్లు చెప్పుకున్నారు కూడా. కానీ ఎప్పుడూ ఒకటే పద్ధతి. నేను సంచి పట్టుకుని బయటకు వచ్చేసరికి ఆయన బండి స్టార్ట్ చేసి, కాసేపు రేస్ ఇచ్చి, "ఇగ పో" అని చేతికిచ్చేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇంజన్ వేడిగానే ఉంటుంది కనుక ఒక్క కిక్కుకే అందుకునేది. చల్లారిన బండిని నేను ఒక్కసారి కూడా స్టార్ట్ చేయలేదు. చేయలేదన్న సంగతి నాకు తట్టనే లేదు. అన్నం వండటం వచ్చు అనుకుంటూ పొయ్యి ముట్టించడం రానట్టు.

2020 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. మొదటి ఏరుడు మిర్చి ఎండింది. మా ఆయన బస్తాలు డీసీఎంలో వేసుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయాడు. మిర్చి రైతుల ఇళ్లలో వాళ్లకు తెలుసు, సరుకుతో పోయిన మగవాళ్లు కాంటా అయ్యేదాకా బస్తాల మీదే పడుకుంటారు. ఇంట్లో నేను, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, మా మామయ్య. అత్తమ్మ అప్పటికే పోయింది.

మామయ్యకు ఆయాసం చాలా ఏళ్ల నుంచీ ఉంది. చలి, మీదికెళ్లి మిర్చి ఘాటు. కల్లం దగ్గరకు రావద్దంటే వినేవారు కాదు. "పంట చూడకుంటే నాకు నిద్ర పడ్తదా బిడ్డా" అనేవారు. ఆ రోజు కూడా సాయంత్రం దాకా కాయలు తిరగేసి వచ్చారు.

రాత్రి మూడు దాటాక అమ్మాయి లేపింది. "అమ్మా, తాత చూడు." మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చున్నారు. ఛాతీలో పిల్లికూతలు. మాట రావడం లేదు. నోట్లో కొట్టుకునే ఇన్‌హేలర్ తీసి చేతికిస్తే అది ఖాళీ. తేవాలని రెండు రోజుల నుంచి అనుకుంటున్నదే. 108కు ఫోన్ చేశాం, బయల్దేరుతున్నామన్నారు. కానీ వాళ్లు వచ్చేదాకా ఆ మనిషి ఆగేలా లేడు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నెబులైజర్ ఉంది. ఆయన ఫోన్ ఎత్తడం లేదు. పోయి తలుపు కొట్టాలి. కిలోమీటరున్నర. బండి ఉంది. నాకు నడపడం వచ్చు.

బయటకు వచ్చాను. సీటు మీద మంచు నీళ్లు. తాళం తిప్పాను, కిక్కు కొట్టాను. బుర్రుమని ఆగిపోయింది. మళ్లీ కొట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, మా ఆయన పొద్దున్నే వంగి ఇంజన్ పక్కన ఏదో మీట పైకి లేపుతాడు, దాన్ని చోక్ అంటాడు. సెల్‌ఫోన్ లైటుతో వెతికి ఎడమ పక్కన కార్బురేటర్ దగ్గరున్న ఆ చిన్న మీట పైకి లేపాను. రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కు కొట్టాను. ఒకటి, రెండు, ఐదు, పది. స్టార్ట్ అయినట్టే అయి ఆగిపోయేది. ఇంకా గట్టిగా కొట్టాను. ఇరవై దాటాయి. పెట్రోలు వాసన గుప్పుమంది. వాసన వస్తోందంటే పెట్రోలు బాగానే అందుతోంది, ఇంకొంచెం కొడితే అందుకుంటుంది అనుకున్నాను. చోక్ అలాగే పైకి ఉంది. కాలి మడమ నొప్పి, చీర కుచ్చిళ్లు కిక్కు రాడ్డుకు చిక్కి చిరిగాయి. లోపలి నుంచి ఆ పిల్లికూతలు వినపడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఆలోచిస్తే విచిత్రంగా ఉంటుంది. లోపల మనిషికి గాలి ఆడక పోరాటం. బయట బండికి నేనే గాలి ఆడనివ్వక పోరాటం. అప్పుడు ఇదేమీ తెలియదు.

పదిహేను, ఇరవై నిమిషాలు అట్లా పోయాయి. ఆ తర్వాత బండి పడేసి పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ జారాయో తెలియదు. చీకటి, కుక్కలు, రెండు పక్కలా మిర్చి చేలు. ఆర్‌ఎంపీ తలుపు విరిగేలా బాదాను. ఆయన మంచి మనిషి, బనీను మీదే మిషన్ సంచి పట్టుకుని నన్ను తన బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. నెబులైజర్ పెట్టాక పది నిమిషాలకు మామయ్య కళ్లెత్తి చూశారు. అప్పుడే 108 కూడా వచ్చింది. మానుకోట పెద్దాసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నారు. "ఇంకా ఆలస్యమైతే చెప్పలేకపోదుం అమ్మా" అన్నాడు అక్కడి డాక్టర్. ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ ఇరవై కిక్కులు ఒక్కొక్కటీ మళ్లీ వినిపించాయి.

మరునాడు మధ్యాహ్నానికి మా ఆయన ఆసుపత్రికి వచ్చాడు. తండ్రిని చూసి, బయట బెంచీ మీద నా పక్కన కూర్చుని అంతా విన్నాడు. కోప్పడలేదు.

"చోక్ వెయ్యలేదా?"

"వేసిన."

"మరి తీసినవా?"

నేను మాట్లాడలేదు. వేయడం చూశాను, తీయడం చూడలేదు. ఆయన తీసేసరికి నేను ఇంకా ఇంట్లో సంచి సర్దుకుంటూ ఉండేదాన్ని.

"నాకెప్పుడన్నా చెప్పినవా?" అన్నాను చివరికి.

"నేను చేసిస్తున్న కద, నీకెందుకు కష్టమని" అన్నాడు. అది అబద్ధం కాదు. ప్రేమగానే చేసిచ్చాడు అన్నాళ్లూ. అయినా అన్నాళ్ల ప్రేమ ఆ ఒక్క రాత్రికి అక్కరకు రాలేదు. నేను మాత్రం ఎందుకు అడగలేదు? ఒక ఆడమనిషి చెరువు తవ్వించిన ఊళ్లో ఉంటూ, ఇంట్లో ఉన్న బండిని స్టార్ట్ చేయడం తెలుసుకోలేదు. ఆ తప్పులో సగం నాది.

మామయ్య ఇంటికి వచ్చాక బండి మెకానిక్ దగ్గరకు తోసుకుపోయాం. నేనూ వస్తానన్నాను. షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. నా కంటే పదేళ్లు చిన్నవాడు ఆ అబ్బాయి. ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత ఓపిగ్గా విప్పి చూపించాడు. స్పార్క్ ప్లగ్గు తీస్తే నల్లగా, తడిగా ఉంది. "అక్కా, పెట్రోల్ ఓవరైంది. ప్లగ్గు తడిస్తే నిప్పు రాదు. తడి అగ్గిపుల్ల లెక్క" అన్నాడు.

కార్బురేటర్ కూడా చూపించాడు. అది గాలి, పెట్రోలు కలిపే చిన్న గిన్నె లాంటిది. ఇంజన్ గాలి పీలుస్తుంటే ఆ గాలితో పాటు సన్నటి రంధ్రం లోంచి పెట్రోలు తుంపరగా వస్తుంది. మామూలుగా ఒక గ్రాము పెట్రోలుకు సుమారు పదిహేను గ్రాముల గాలి కావాలట. గాలి వచ్చే దారిలో ఒక చిన్న రేకు మూత ఉంది. మీట పైకి లేపితే ఆ మూత మూసుకుంటుంది. చోక్ అంటే అంతే, గాలి దారి మూయడం. గాలి తగ్గితే ఇంజన్ పీల్పు పెట్రోలు మీద ఎక్కువ పడుతుంది, మామూలు కంటే ఎక్కువ పెట్రోలు లోపలికి వస్తుంది.

"చలికి పెట్రోలు ఎందుకు ఎక్కువ కావాలె?" అని అడిగాను. ఆ అబ్బాయి తల గోక్కుని, "చలికి గంతే అక్కా" అన్నాడు.

దానికి జవాబు ఇంటికి వచ్చాక నా వంటింట్లోనే దొరికింది. నా వయసు వాళ్లకు పంపు స్టవ్వు గుర్తుండే ఉంటుంది. మా అమ్మ ముందు బర్నర్ కింద ఉన్న చిన్న గిన్నెలో కాస్త కిరోసిన్ పోసి ముట్టించేది. ఆ మంటకు బర్నర్ బాగా కాలాక అప్పుడు పంపు కొట్టేది. నీలం మంట బుస్సుమని లేచేది. నేను ఓపిక లేక ముందే పంపు కొడితే పచ్చటి మంట ఇంటి చూరు దాకా లేచి, పొగ, మసి. "కిరోసిన్ మండదే పిల్లా, కిరోసిన్ ఆవిరి మండుతది. గొట్టం కాలకముందే కొడితే ఆవిరెట్లయితది?" అని అమ్మ నెత్తి మీద మొట్టేది.

బండిలోనూ అదే. పెట్రోలు ద్రవంగా ఉంటే సరిగా అంటుకోదు, ఆవిరై గాలితో కలిస్తేనే అంటుకుంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పోసిన పెట్రోల్లో కొంతే ఆవిరవుతుంది, మిగతాది తుంపరగానే గోడలకు అంటుకుంటుంది. అందుకని ముందు కొంచెం ఎక్కువ పెట్రోలు పంపిస్తే, అందులో ఆవిరైన ఆ కొంతే మొదటి నిప్పుకు సరిపోతుంది. ఇంజన్ కాస్త వేడెక్కిందంటే మొత్తం ఆవిరవుతుంది కనుక ఎక్కువ పోయాల్సిన పని లేదు. ఇంకా పోస్తుంటే ప్లగ్గు తడుస్తుంది, మసి పడుతుంది. పంపు స్టవ్వు ముట్టించిన చేతులివి. ఈ సంగతి నాకు ఎప్పుడో తెలియాల్సింది.

మామయ్య మంచంలో పడుకునే ఇదంతా విన్నారు. ఆయనకు మోటార్ సైకిల్ రాదు కానీ, ఊళ్లకు కరెంటు మోటర్లు రాకముందు బావి మీద ఆయిల్ ఇంజన్ నడిపిన మనిషి. "చల్లటి ఇంజన్ ముసలోని లెక్క బిడ్డా. లేవంగనే ఉరకమంటే ఉరుకుతదా? మేం మీద మీట ఎత్తి పట్టి, హ్యాండిల్ వేసి తిప్పి, జోరందుకున్నంక మీట వదిలేటోళ్లం. మీట ఎత్తుడే గాదు, వదులుడు గుడ తెల్వాలె" అన్నారు. ఆ మీట పని వేరు, చోక్ పని వేరు. అయినా ఆయన చెప్పింది మాత్రం అక్షరాలా నా సంగతే.

మెకానిక్ అబ్బాయి చెప్పింది, ఆ తర్వాత ఇన్ని చలికాలాలు నేను చేసి చూసింది కలిపి ఇక్కడ రాస్తున్నాను. మన ఇంట్లో పప్పు ఎలా వండాలో రాసినట్టే రాస్తాను.

బండిని ఆరుబయటే స్టార్ట్ చేయండి. చలి అని వరండాలో, మూసిన గదిలో ఇంజన్ ఆడిస్తే ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ విషం. వాసన లేకుండానే మనిషిని పడగొడుతుంది. చిన్నపిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు పడుకున్న చోటికైతే అసలే వద్దు. పెద్ద స్టాండు వేయండి. కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపండి, చున్నీ అయితే ముడి వేయండి. కాలికి చెప్పు ఉండాలి. ఒట్టి కాలితో కిక్కు కొడితే ఒక్కోసారి రాడ్డు ఎదురు తంతుంది.

గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. పెట్రోలు కాక్ తెరిచి ఉందో చూడండి. తర్వాత చోక్ మీట పూర్తిగా పైకి. కొన్ని బండ్లకు మీట హ్యాండిల్ దగ్గర ఉంటుంది, కొన్నింటికి లాగే బొడిపె ఉంటుంది. మీ బండికి ఎక్కడుందో పగటి పూట చూసి పెట్టుకోండి, చీకట్లో వెతకొద్దు. తాళం తిప్పకుండానే రెండు మూడు కిక్కులు నెమ్మదిగా నొక్కండి. అప్పుడు పెట్రోలు లోపలికి చేరుతుంది. ఇప్పుడు తాళం తిప్పి, రేస్ ముట్టుకోకుండా, ఒక్క నిండు కిక్కు. నేను చేసిన రెండో తప్పు ఇదే, రేస్ పూర్తిగా తిప్పి పట్టుకోవడం. అట్లా తిప్పితే చోక్ చేసే సాయం సరిగా అందదు.

స్టార్ట్ కాగానే చప్పుడు కొంచెం ఎక్కువగా, మొరాయించినట్టు ఉంటుంది. గట్టిగా రేస్ ఇవ్వకండి. అర నిమిషం, బాగా చలైతే ఒక నిమిషం ఆగండి. మీట సగం దించండి. చప్పుడు వినండి. తడబడకపోతే పూర్తిగా దించేయండి. "తీసినంక చెవి పెట్టి వినాలె అక్కా. ఆగిపోయేటట్టుంటే జర ఎత్తాలె, మంచిగ ఆడుతుంటే ఇగ ముట్టొద్దు" అన్నాడు మెకానిక్.

నాలుగైదు కిక్కులకు అందుకోకపోయినా, పెట్రోలు వాసన వచ్చినా అక్కడే ఆగండి. ఇంకా కొట్టడం కాదు చేయాల్సింది. చోక్ పూర్తిగా దించండి. తాళం తీసేయండి. ఇప్పుడు మాత్రం రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టండి, లోపల ఎక్కువైన పెట్రోలు గాలికి బయటకు పోతుంది. ఐదు నిమిషాలు ఆగి, చోక్ లేకుండా మళ్లీ ప్రయత్నించండి. చాలాసార్లు అందుకుంటుంది. ఆ రాత్రి నాకు ఇది తెలిసి ఉంటే ఆ చీకట్లో పరుగు ఉండేది కాదు.

ఎండాకాలంలో, అప్పుడే నడిపి ఆపిన బండికి చోక్ అక్కర్లేదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో చాలావాటికి కార్బురేటరే లేదు. పెట్రోలు ఎంత కావాలో చిన్న కంప్యూటర్ కొలిచి పోస్తుంది, చోక్ మీట ఉండదు. కానీ మన ఊళ్లల్లో పాత స్ప్లెండర్లు, పాత టీవీఎస్ ఎక్సెల్లు ఇంకా ఎన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు. పాలకు పోయేది, చేనుకు పోయేది, అర్ధరాత్రి డాక్టర్ కోసం పోయేది వాటి మీదే.

నేర్చుకున్న వారానికే నేను రెండో రకం తప్పు కూడా చేశాను. ఒక్క కిక్కుకే బండి అందుకుందన్న సంబరంలో చోక్ దించడం మరిచిపోయి బయ్యారం దాకా పోయాను. బస్టాండు దగ్గర ఒక పిల్లవాడు, "అక్కా, పొగ చూడు" అన్నాడు. వెనక్కి చూస్తే నల్లటి పొగ. చోక్ వేసే నడుపుతుంటే పెట్రోలు రెట్టింపు తాగుతుందేమో అనిపించేంతగా తాగుతుంది, ప్లగ్గుకు మసి పడుతుంది. లోపల గోడలకు ఉండే ఆయిల్ పొరను ఎక్కువైన పెట్రోలు కడిగేసి ఇంజన్ అరిగిపోతుంది కూడా. ఆ రోజు ఇంటికి వచ్చి చెబితే మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు ఎవరి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టినా, "ఇగ చోక్ తియ్యి" అనడం అలవాటైంది. తాతకు మందులు ఇచ్చి పది నిమిషాలకోసారి వేసుకున్నావా అని అడిగితే ఆయన కూడా అనేవారు. ఇన్‌హేలర్లు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ రెండు ఉంచాను. ఆ విషయంలో చోక్ తీయలేదు. మామయ్య ఆ తర్వాత రెండేళ్లు ఉన్నారు, ఇంకో రెండు పంటలు చూసుకున్నారు.

ఇదంతా తలుచుకుంటే నాకు అత్తమ్మ గుర్తొస్తుంది. బీఏ రెండో సంవత్సరంలో నా పెళ్లయింది. చదువు ఆగిపోతుందనే అనుకున్నాను. అత్తమ్మకు అక్షరం రాదు. అయినా ఆ రెండేళ్లు పొద్దుటి వంట తనే చేసింది, నా సద్ది తనే కట్టింది. "పుస్తకం పట్టుకో, పొయ్యి నేను చూస్త" అనేది. చివరి పరీక్ష రాసి వచ్చిన మరునాడు పొద్దున్నే గరిటె నా చేతికిచ్చి, అరుగు మీద కూర్చుంది. కూరలో ఉప్పెక్కువైనా ఒక్క మాట అనలేదు, లేచి వచ్చి సరి చేయలేదు. అప్పుడు నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, ఒక్కసారిగా వదిలేసిందని. ఆమె వదిలేయలేదని, అరుగు మీద కూర్చుని చెవి ఇటే పెట్టిందని ఇన్నేళ్లకు అర్థమవుతోంది. ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో ఏ మెకానిక్కూ చెప్పకుండానే ఆమెకు తెలుసు.

మా ఆయన విషయంలో ఆ తీయడం జరగలేదు. నాకు కష్టం కావద్దని ఏళ్ల తరబడి స్టార్ట్ చేసిస్తూనే ఉన్నాడు. నేనూ సుఖంగానే ఉందని ఇప్పించుకుంటూనే ఉన్నాను. మన ఇళ్లల్లో ఇట్లాంటివి ఎన్ని ఉంటాయో చూసుకోండి. ఏటీఎం కార్డు ఆయన దగ్గర, గ్యాస్ బుకింగ్ కొడుకు ఫోన్‌లో, కరెంటు బాక్సులో ఏ స్విచ్ దేనిదో ఆయనకే తెలుసు. అన్నీ ప్రేమగా చేసేవే. వాళ్లు లేని ఒక్క రాత్రి వచ్చినప్పుడు తెలుస్తుంది, మనకు రానిది ఏమిటో. ఈ ఆదివారం మీ ఇంటి బండిని మీరే ఒకసారి స్టార్ట్ చేయండి. ఎక్కడికీ పోనక్కర్లేదు, నడపడం రాకపోయినా పర్లేదు. స్టార్ట్ చేసి, చోక్ దించి, చప్పుడు విని ఆపేయండి.

ఇప్పుడు మా ఇంట్లో చలికాలం పొద్దున బండి స్టార్ట్ చేసేది నేనే. మా ఆయన రగ్గులోంచే వింటాడు. నిమిషం దాటినా చప్పుడు తగ్గకపోతే, "చోక్..." అని లోపలి నుంచి కేక వేస్తాడు. "తెలుసు తియ్యి" అంటాను.

అమ్మాయి ఆ మాట అన్న మరునాడు నేను ఫోన్ చేయలేదు. పొద్దున చేయలేదు, మధ్యాహ్నం చేయలేదు. చెయ్యి ఫోన్ మీదికి పోతుంటే బియ్యం ఏరుతూ కూర్చున్నాను. రాత్రి తొమ్మిదికి అదే చేసింది.

"ఏమైందే అమ్మా, పొద్దుటి సంది ఫోన్ లేదు? మంచిగనే ఉన్నవా?"

"చోక్ తీసిన బిడ్డా" అన్నాను. "మంచిగ ఆడుతున్నదా లేదా అని వింటున్న."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆ రోజు కాలేజీలో జరిగినవన్నీ, నేను ఒక్కటి కూడా అడగకుండానే, గంట సేపు చెప్పింది.